పాత కారును బాగు చేసుకోవడం: హైదరాబాద్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

నా దగ్గర 1975 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒక ఇంటి వెనక, మామిడి చెట్టు కింద పన్నెండేళ్ళు కదలకుండా నిలబడ్డ బండి అది. దాన్ని రోడ్డెక్కించడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నేను సొంతంగా చేసి చూసినవి, మా ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

వింటేజ్ కారు అంటే ఎన్నేళ్ళ కారు?

చట్టం లెక్కలో 50 ఏళ్ళు. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత వాడకపు బండి వింటేజ్ కిందికి వస్తుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా అయితే 30 ఏళ్ళు దాటినవాటిని చారిత్రక వాహనాలు అంటుంది. మాటల్లో మనం అన్నిటినీ వింటేజ్ అనేస్తాం. ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళినప్పుడు మాత్రం 50 అన్న అంకె గుర్తుంచుకోండి.

మొదటిసారి కొంటున్నాను. ఏ కారైతే మంచిది?

పద్మిని లేదా అంబాసిడర్. పద్మిని అంటే ఇటలీ ఫియట్ 1100డి కారును ముంబైలో ప్రీమియర్ సంస్థ తయారు చేసిన రూపం, 1089 సీసీ ఇంజన్. అంబాసిడర్ మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. పాత మోడళ్ళలో 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉంటుంది, బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. రెండూ సాదా ఇంజన్లు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కళ్ళకు కనిపిస్తుంది, చెయ్యి పట్టేంత ఖాళీ ఉంటుంది, ఈ ఊళ్ళో వాటిని ఎరిగిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. స్టాండర్డ్ హెరాల్డ్ చాలా అందమైన కారు, నాకూ ఇష్టమే. కానీ అది చెన్నైలో తయారవడం 1970ల మొదట్లోనే ఆగిపోయింది. తలుపు రబ్బరు కోసం కూడా ఏడాది తిరగాల్సి రావచ్చు. మొదటి కారుగా వద్దంటాను.

కొనే ముందు ఏం చూడాలి?

ముందు కాగితాలు, తర్వాత రేకు, ఆఖర్న ఇంజన్. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఇంజన్ను ఎలాగైనా బాగు చేయించుకోవచ్చు. కాగితం లేని కారును ఏ మెకానిక్కూ బాగు చేయలేడు.

ఆర్సీలో ఉన్న ఛాసిస్ నెంబర్, ఇంజన్ నెంబర్ బండి మీద కొట్టిన నెంబర్లతో అక్షరం అక్షరం సరిపోవాలి. కిరసనాయిల్ తడిపిన గుడ్డతో మడ్డి తుడిచి, టార్చి వేసి మీరే చదవండి, ఫోటో తీసుకోండి. ఓనర్ చనిపోయి ఉంటే బండి ముందు వారసుల పేరు మీదికి మారాలి. దానికి ఫారం 31. ఆ తర్వాత మీ పేరుకు మార్చడానికి ఫారం 29, 30. నా పద్మినికి ముగ్గురు వారసులు, అందులో ఒకరు విదేశంలో ఉన్నారు. సంతకాలకే ఎనిమిది నెలలు పట్టింది. అడ్వాన్స్ ఇచ్చేముందే ఈ సంగతి తేల్చుకోండి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి.

రేకు చూడటానికి ఒక చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకెళ్ళండి. తలుపుల కింది అంచులు, చక్రాల మీది వంపులు, హెడ్‌లైట్ చుట్టూ మెల్లగా జరపండి. రేకున్న చోట అది లాగుతుంది. పుట్టీ నింపిన చోట జారి పడిపోతుంది. తర్వాత లోపలి మ్యాట్ ఎత్తి ఫ్లోర్ చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడండి, బ్యాటరీ పళ్ళెం కింద చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే గట్టి రేకు టంగుమంటుంది, తుప్పు తిన్నది డప్‌మని చచ్చిన చప్పుడు చేస్తుంది. జాకీ పెట్టే చోట రేకు నలిగి ఉంటే ఆ కారును వదిలేయండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలా? మామూలు ఆర్సీ చాలదా?

మీ ఆర్సీ చెల్లుబాటులో ఉంటే, రోజువారీ పనులకు కూడా బండి తీస్తారనుకుంటే మామూలుగానే ఉంచుకోండి. 15 ఏళ్ళ తర్వాత 5 ఏళ్ళకోసారి రెన్యువల్, దానికి ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు చూసుకోవడమే మేలు.

2021 నిబంధనల కింద వింటేజ్‌గా చేయిస్తే కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, ఆ తర్వాత మళ్ళీ చేయించడానికి 5,000 రూపాయలు ఫీజుగా పెట్టారు. అది 10 ఏళ్ళు చెల్లుతుంది. కొత్త నెంబర్ ఇస్తే అందులో రాష్ట్రం కోడ్ తర్వాత వీ, ఏ అక్షరాలు వస్తాయి. ఇప్పటికే రిజిస్టరై ఉన్న బండి తన పాత నెంబర్ను అట్టే పెట్టుకోవచ్చు. మూడక్షరాల పాత నెంబర్ ఉన్నవాళ్ళకు ఇది పెద్ద ఊరట. అయితే వింటేజ్‌గా చేయించిన బండిని రోజూ తిప్పకూడదు, కిరాయికి ఇవ్వకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్ పోయించుకోవడం, రిపేర్లు, ఇలాంటివాటికే అనుమతి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసిన బండికి ఈ హోదా రాదు. కాబట్టి రిపేరు మొదలుపెట్టే ముందే ఎటు వెళ్ళాలో తేల్చుకోండి.

ఏళ్ళ తరబడి నిలబడ్డ కారు. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొచ్చా?

వద్దు, దయచేసి వద్దు. ఎంత ఆత్రంగా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆ ఒక్క సెల్ఫ్‌తో బాగుండే ఇంజన్ కూడా పాడవుతుంది. సిలిండర్ గోడల మీద ఆయిల్ ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. ట్యాంకులో పెట్రోల్ చిక్కబడి, వార్నిష్ వాసన కొడుతూ ఉంటుంది.

ముందు నాలుగు ప్లగ్గులూ విప్పండి. ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పెద్ద పానా తగిలించి చేత్తో మెల్లగా తిప్పండి. మెత్తగా తిరిగితే సగం గండం గడిచినట్టే. పాత ఆయిల్ దించి, ఫిల్టర్ ఉంటే మార్చి, కొత్తది పోయండి. ట్యాంక్ దించి కడిగించండి, రబ్బరు పెట్రోల్ పైపులన్నీ తీసి పారేయండి. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా తిప్పండి. గేజ్ ఉంటే ముల్లు లేస్తుంది, లైటు ఉంటే ఆరిపోతుంది. అప్పుడే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి.

ఇంతలో ఒక మనిషి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని పక్కన నిలబడాలి. ఇది అలంకారానికి చెప్పడం లేదు.

ఇంజన్ పట్టేసింది. అసలు తిరగడం లేదు. ఇక ఓవర్‌హాలే గతా?

కాకపోవచ్చు. ప్లగ్ రంధ్రాల్లో డీజిల్, ఇంజన్ ఆయిల్ సమంగా కలిపి పోసి వారం పది రోజులు ఓపిక పట్టండి. మధ్యమధ్య ఇంకిపోతే మళ్ళీ పోయండి. రోజుకోసారి పుల్లీ బోల్టు దగ్గర కొద్దిగా అటూ, కొద్దిగా ఇటూ ఊపండి. గడియారం ముల్లు ఒక్క నిమిషం జరిగినంత కదిలినా చాలు, అది వదిలేస్తోందన్నమాట. గేర్ వేసి కారును తోయడం, వేరే బండికి తాడు కట్టి లాగించడం మాత్రం చేయకండి. కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. పదిహేను రోజులైనా కదలకపోతే హెడ్, అంటే సిలిండర్ల మీది మూత, దించి చూడాల్సిందే.

కారు ముందు దూర్చి తిప్పే హ్యాండిల్‌తో స్టార్ట్ చేయడం ప్రమాదమా?

పట్టుకునే తీరు తెలియకపోతే ప్రమాదమే. బొటనవేలిని పిడి చుట్టూ మడవకూడదు. నాలుగు వేళ్ళు ఉన్న వైపే బొటనవేలు కూడా ఉండాలి. కింది నుంచి పైకి లాగాలి తప్ప పై నుంచి కిందికి నొక్కకూడదు. ఇంజన్ వెనక్కి తన్నితే అప్పుడు హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది. బొటనవేలు మడిచి ఉంటే మణికట్టు విరుగుతుంది.

కారు స్టార్ట్ కావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కరెంటు, మంట (అంటే ప్లగ్గు దగ్గర మెరుపు), పెట్రోల్, ఇదే వరుస. సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందా చూడండి. లేకపోతే బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్త్ తీగ. తిరుగుతుంటే ఒక ప్లగ్గు విప్పి, దాని తీగకే తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజన్ ఇనుముకు ఆనించండి. ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారుతో పట్టుకోండి. దగ్గర్లో పెట్రోల్ ఒలికి ఉండకూడదు. ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి. చిటచిటమంటూ నీలంగా మెరిస్తే మంట బాగున్నట్టు. పసుపుపచ్చగా, నీరసంగా ఉంటే పాయింట్లు చూడాలి.

పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్ మూత కింద తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే రెండు చిన్న బొడిపెలు. పాత కార్ల కష్టాల్లో సగం అక్కడే పుడతాయి. మూత తీసి, రోటర్ లాగి, పుల్లీ తిప్పుతూ పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపండి. ఆ సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని బ్లేడు) పెట్టండి. చాలా కార్లకు 0.4 మి.మీ. దగ్గర ఉంటుంది, మీ కారు మాన్యువల్‌లో కచ్చితమైన అంకె ఉంటుంది. బ్లేడు వెన్నలో కత్తిలా జారకూడదు, ఇరుక్కోకూడదు. కాగితాల మధ్య నుంచి ఇంకో కాగితం లాగినట్టు వేలికి కొంచెం ఒరుసుకోవాలి. ఆ ఒరిపిడి ఎలా ఉండాలో మా ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని చూపించాడు. రాసి చెప్పడం కష్టం, నాలుగుసార్లు చేస్తే వేలికే తెలుస్తుంది. ఒక బొడిపె మీద గుంట, ఇంకోదాని మీద మొటిమ కనిపిస్తే కండెన్సర్ (పాయింట్లకు తగిలించి ఉండే చిన్న డబ్బా) కూడా మార్చాలి.

మంట బాగుండి కూడా స్టార్ట్ కాకపోతే కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ పైపు లాగి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఈసారి కాయిల్ నుంచి వచ్చే పెద్ద తీగ విప్పేసి ఉంచాలి, ఒక్క మెరుపు కూడా రాకూడదు. పెట్రోల్ దమ్ముగా చిమ్మాలి. చుక్కలు చుక్కలుగా వస్తే ఏసీ పంప్ (ఇంజన్‌తో నడిచే పెట్రోల్ పంపు) లోని డయాఫ్రం పోయినట్టు.

పదిహేను నిమిషాలు బాగా నడిచి ఆగిపోతుంది. కాసేపాగితే మళ్ళీ నడుస్తుంది. ఎందుకు?

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన రోగం ఇదే, అందుకే వివరంగా చెబుతాను.

తార్నాక నుంచి బయల్దేరితే సరిగ్గా ప్యారడైజ్ దగ్గర నా కారు ఆగిపోయేది. పది నిమిషాలు పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. అది మే నెల. "ఎండకు పైపులో పెట్రోల్ ఆవిరైపోతోంది" అన్నారందరూ. నిజమే, ఆ జబ్బు పాత కార్లకు ఉంది. ఏసీ పంప్ ఇంజన్‌కు ఆనుకుని ఉంటుంది, ట్రాఫిక్‌లో బానెట్ కింద పొయ్యిలా కాగుతుంది, పైపులో బుడగలు చేరి పెట్రోల్ ముందుకు కదలదు. పంపుకు తడి గుడ్డ చుట్టాను. లాభం లేదు. కండెన్సర్ మార్చాను, కాయిల్ మార్చాను, కార్బొరేటర్ రెండుసార్లు విప్పాను. ఇవన్నీ ఒకే వారంలో. తల ప్రాణం తోకకొచ్చింది.

డిసెంబర్‌లో ఒక చలి పొద్దున కూడా అలాగే ఆగింది. ఎండ లేదు, ట్రాఫిక్ లేదు. అప్పుడు మొదటిసారి, ఆగిన చోటే, వెంటనే ట్యాంక్ మూత తిప్పాను. ఉస్సుమని లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు. ట్యాంకులో పెట్రోల్ తగ్గే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్ళాలి, లేకపోతే లోపల శూన్యం ఏర్పడి పంపు లాగలేదు. ఆ గాలి గొట్టం వెతుక్కుంటూ కారు కిందికి దూరాను. కొసలో కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూడు, ఎండి రాయిలా ఉంది. సైకిల్ చువ్వతో పొడిస్తే ఎర్రమట్టి నా మొహం మీద రాలింది. ఆ తర్వాత కారు మళ్ళీ ప్యారడైజ్ దగ్గర ఆగలేదు. మామిడి చెట్టు కింద పన్నెండేళ్ళు ఉన్న బండికి పురుగు గూడు కట్టి ఉంటుందని ముందే తట్టాల్సింది.

కాబట్టి మీ కారు ఆగితే చల్లారనివ్వకండి, ఆగిన నిమిషంలోనే చూడండి. జేబులో ఒక పాత ప్లగ్గు ఉంచుకుని మంట ఉందో లేదో చూడండి. మంట లేకపోతే కండెన్సర్ లేదా కాయిల్ వేడికి చేతులెత్తేస్తోంది. మంట ఉంటే ట్యాంక్ మూత తెరిచి వెంటనే స్టార్ట్ చేసి చూడండి. స్టార్ట్ అయితే లోపం గాలి గొట్టంలో ఉన్నట్టు. అప్పటికీ కాకపోతే పంపు మీద తడి గుడ్డ వేసి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది బాగు చేసిందో, ఏది కొత్త రోగం తెచ్చిందో ఎప్పటికీ తెలియదు. నేను వేసిన కొత్త కండెన్సర్ నాసిరకం, అది రెండు నెలలకు ఇంకో రకంగా ఆపింది.

ఈ20 పెట్రోల్ పోయొచ్చా?

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా అదే కాబట్టి కారునే దానికి సిద్ధం చేయాలి. అందులో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరును, కార్క్ ప్యాకింగులను అది మెత్తబరుస్తుంది. ట్యాంకులో ఏళ్ళుగా పేరుకున్న మడ్డిని కరిగించి కార్బొరేటర్ జెట్లలోకి తోస్తుంది. గాలిలో తేమను పీల్చుకుంటుంది. అందుకే పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చండి, ట్యాంక్ తర్వాత ఒక పారదర్శకమైన ఫిల్టర్ వేయండి, రబ్బరు పైపులను నెలకోసారి వేలితో నొక్కి చూడండి. జిగటగా తగిలినా, పగుళ్ళు కనిపించినా ఆ రోజే మార్చాలి. పెట్రోల్ కారితే మంటే. మిశ్రమంలో గాలి పాలు పెరిగి ఇంజన్ వేడెక్కినట్టు, యాక్సిలరేటర్ తొక్కితే తడబడినట్టు ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయించాలి. నెలల తరబడి ట్యాంకులో ఉంచకండి. కొద్దిగా పోయించుకుని, వాడి, మళ్ళీ పోయించుకోండి.

సీసం గురించి కూడా అడుగుతారు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లో పూర్తిగా ఆగిపోయింది. అంతకు ముందటి ఇనుప హెడ్ ఉన్న ఇంజన్లలో వాల్వు సీట్లు అరగొచ్చు. అంబాసిడర్ హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే ఆ బెంగ తీరిపోతుంది. పద్మిని హెడ్ అల్యూమినియం, దానికి సీట్లు విడిగానే ఉంటాయి.

వేసవిలో ఇంజన్ కాగిపోతోంది. రేడియేటర్ మార్చాలా?

ముందు మీరు అందులో ఏ నీళ్ళు పోస్తున్నారో చెప్పండి. ఈ ఊళ్ళో చాలా ఇళ్ళలో బోరు నీళ్ళే. బకెట్ అడుగున, గీజర్ రాడ్ మీద తెల్లగా కట్టే గార గుర్తుందా? అదే గార రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ, ఇంజన్ నీటి దారుల్లోనూ కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి మాత్రమే పోయండి. అల్యూమినియం హెడ్ ఉన్న పద్మినికి ఇది మరీ ముఖ్యం, లేకపోతే హెడ్ తినేస్తుంది.

పాత రాగి ఇత్తడి రేడియేటర్‌ను పారేయకండి. పైనున్న ట్యాంక్ టాకా విప్పి, గొట్టాల్లో సన్నని బద్దలు దూర్చి శుభ్రం చేసి మళ్ళీ టాకా వేసే పనివాళ్ళు ఉన్నారు. అదే ఇంకో ఇరవై ఏళ్ళు నడుస్తుంది. "థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుంది" అని చాలా గ్యారేజీల్లో చెబుతారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రావడానికి చాలా సేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, అసలు లోపం ఎక్కడో అలాగే ఉండిపోతుంది.

చల్లటి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసినప్పుడు నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ డిప్‌స్టిక్ మీద పాలు కలిపిన టీ రంగు కనిపించినా హెడ్ ప్యాకింగ్ పోయింది. వేడిగా ఉన్నప్పుడు మూత ముట్టుకోవద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

బ్రేకులు పడుతున్నాయి కదా, అప్పుడే విప్పడం ఎందుకు?

ఆ కాలపు కార్లలో చాలావాటికి బ్రేక్ లైన్ ఒక్కటే. ఒక చక్రం దగ్గర వీల్ సిలిండర్ రబ్బరు చిరిగితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి, పెడల్ నేలకు తగులుతుంది. అందుకే నేను ఇంజన్ కన్నా ముందు బ్రేకులే చేస్తాను. మాస్టర్ సిలిండర్ కిట్, నాలుగు చక్రాల రబ్బర్లు, మూడు రబ్బరు హోసులు, మొత్తం ఫ్లూయిడ్ అన్నీ కొత్తవి. సిలిండర్ లోపల గోరుతో గీస్తే గుంటలు తగులుతుంటే కొత్త రబ్బరు వేసినా కారుతుంది, స్లీవ్ వేయించాలి. బ్రేక్ ఫ్లూయిడ్ బదులు ఇంజన్ ఆయిల్ ఒక్క చుక్క పోసినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. బ్రేక్ లైన్లో చేరిన గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి.

డ్రమ్ము లోపలి దుమ్మును నోటితో గానీ కంప్రెసర్‌తో గానీ ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడి గుడ్డతో తుడవండి. కారు కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, ఇటుకలు అసలే వద్దు. ఇనుప స్టాండ్లు కొనండి. ఈ హాబీలో నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా తృప్తినిచ్చింది అదే.

లైట్లు మసకగా వెలుగుతున్నాయి. వైరింగ్ అంతా మార్చేయాలా?

ముందు ఎర్త్ చూడండి. బాడీకి రంగు వేయించినప్పుడు ఎర్త్ తీగ బిగించే చోట కూడా రంగు వేసేస్తారు, ఇక కరెంటు తిరిగి వెళ్ళే దారి ఉండదు. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు, ఇంకో కొస ఇంజన్ ఇనుముకు పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర ఓల్ట్ కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ బాగాలేదు. గరుకు కాగితంతో రుద్ది బిగించి, పైన గ్రీజు రాయండి.

మోరిస్ మైనర్, ల్యాండ్‌మాస్టర్ లాంటి 1950ల బ్రిటిష్ తరహా కార్లలో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి వెళ్తుంది. అలవాటుగా మైనస్ తగిలిస్తే డైనమో, రేడియో దెబ్బతినొచ్చు. బ్యాటరీ మార్చే ముందు పాతది ఎలా ఉందో ఫోటో తీసి పెట్టుకోండి.

పొగ రంగును బట్టి ఏం తెలుస్తుంది?

నీలం అయితే ఆయిల్ కాలుతోంది. నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ వెళ్తోంది, చోక్ సరిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. ఇంజన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్లగా వస్తుంటే నీళ్ళు సిలిండర్లోకి వెళ్తున్నాయి. చలికాలం పొద్దున కొద్దిసేపు వచ్చే తెల్ల పొగకు కంగారు పడక్కర్లేదు.

తుప్పు పట్టిన చోట పుట్టీ పెట్టి రంగు వేయిస్తే సరిపోదా?

రెండు వర్షాకాలాలకు సరిపోతుంది. మూడోదానికి రంగు బుడగలుగా లేస్తుంది. తుప్పు పట్టిన రేకును బతికిన రేకు వచ్చేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. టింకరింగ్ మంచిగా చేసే మనిషి దొరికితే పుట్టీ పలచగా, గీతలు కప్పేంతే పడుతుంది. రంగు వేయించేటప్పుడు ఛాసిస్ నెంబర్ మీద గ్రైండర్ పడకుండా దగ్గరుండి చూసుకోండి. రంగు మార్చాలనుకుంటే ఆర్సీలోనూ మార్పించాలి. ఆ రోజుల్లో ఈ కార్లకు వేసింది డ్యూకో రకం రంగు, ఇప్పుడు ఎక్కువగా పీయూ (పాలీయురేథేన్) రంగు వేస్తున్నారు. పీయూ తుంపరను పీలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు. పెయింటర్ ముఖానికి రుమాలు కట్టుకుని వేస్తుంటే, మీ డబ్బుతోనైనా సరైన మాస్క్ కొనివ్వండి.

హైదరాబాద్‌లో స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి?

పుత్లీబౌలి, జాంబాగ్ దుకాణాల్లో మొదలుపెట్టండి. పాత బిల్లు పుస్తకాలున్న చిన్న కొట్లలో, పై అరల మీద దుమ్ముపట్టిన డబ్బాల్లో ఇంకా అసలు సరుకు దొరుకుతుంది. పాడైన స్పేరును చేత్తో పట్టుకెళ్ళండి, ఫోనులో ఫోటో చూపిస్తే పని కాదు. బేరింగులు, ఆయిల్ సీళ్ళు, హోసులు, బోల్టులకు రాణీగంజ్. అక్కడ "పద్మిని బేరింగ్ ఉందా?" అని అడిగితే లేదంటారు. బేరింగ్ అంచున చెక్కిన నెంబర్ చదివి అడగండి. ఉదాహరణకు 6205 అంటే లోపల 25, బయట 52, మందం 15 మి.మీ. అది ఏ యంత్రానికైనా ఒక్కటే. అసలు దొరకనివాటిని బాలానగర్ లేత్ షాపుల్లో చేయించుకోవచ్చు. గురువారం జుమ్మేరాత్ బజార్‌లో నాకొకసారి ఇత్తడి డోర్ హ్యాండిల్ దొరికింది. ఆశ పెట్టుకుని వెళ్ళకండి గానీ వెళ్తూ ఉండండి.

ఊరు దాటితే చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేట్, అంబాసిడర్‌కు కోల్‌కతా మల్లిక్ బజార్. ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబర్‌తో రోడ్ల మీద నుంచి తప్పుకున్నాయి. వాటి కోసం తయారయ్యే చవక స్పేర్లు ఇక తగ్గుతాయి. పాయింట్లు, రోటర్, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, పంపు కిట్ కనిపించినప్పుడు రెండేసి కొని పెట్టుకోండి.

పానాల విషయం ఒకటి. పద్మినికి మి.మీ. పానాలు, అంబాసిడర్‌కు అంగుళం పానాలు. ఒకదానితో ఇంకోటి తిప్పితే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది.

మంచి మెకానిక్‌ను ఎలా గుర్తుపట్టాలి?

ముందు చెవి పెట్టి విని, తర్వాత పానా పట్టేవాడు. వచ్చీ రాగానే "ఇంజన్ దించాలి" అన్నవాడి దగ్గర్నుంచి మర్యాదగా వచ్చేయండి. మా ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని ఏ టప్పెట్ (వాల్వును కదిలించే భాగం) వదులైందో చెబుతాడు. నాకు ఆ చప్పుడు వినబడటానికే ఏడాది పట్టింది. ఇలాంటి వాళ్ళ పిల్లలు ఇప్పుడు కంప్యూటర్ పెట్టి చూసే కార్ల పనిలోకి వెళ్ళిపోయారు. అందుకే మీ ఉస్తాద్ పని చేస్తుంటే పక్కన స్టూలేసుకుని కూర్చోండి, ఛాయ్ తెప్పించండి, అడగండి, ఆ రోజే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. ఆదివారం మీ కోసం వచ్చిన రోజుకు పూర్తి కూలి ఇవ్వండి, బేరం ఆడకండి.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

నాకు కారు కొన్న డబ్బుకు మూడింతలు దాటింది. ఒకేసారి పెట్టక్కర్లేదు. బ్రేకులు, ఇంజన్, వైరింగ్, రేకు పని, ఆఖరికి రంగు, సీట్లు, ఈ వరుసలో వెళ్తే ఏ దశలో డబ్బు అయిపోయినా కనీసం నడిచే కారు మిగులుతుంది. ముందు రంగు వేయించి, తర్వాత వెల్డింగ్‌కు వెళ్తే మొదటికే మోసం. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ఎలాగూ తప్పనిసరి. పాత కారు విలువను ముందే ఒప్పుకుని రాసే పాలసీలు ఉంటాయి, వాటి గురించి అడగండి.

అంతా కొత్తదానిలా మెరిపించాలా, పాతదనం ఉంచాలా?

నడకకు, భద్రతకు సంబంధించినదంతా కొత్తగా ఉండాలి. మిగిలినది వీలైనంత అలాగే ఉంచాలన్నది నా అభిప్రాయం. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన 1912 నాటి కారు, వెనక సింహాసనం లాంటి సీటుతో బార్కర్ సంస్థ కట్టింది. దాని ముందు నిలబడితే మనిషి చేతి పని కనిపిస్తుంది. మన పద్మిని రాజుల కారు కాదు, కానీ స్టీరింగ్ చక్రం మీద పాత ఓనర్ చేతులు పట్టుకుని పట్టుకుని నున్నబడ్డ రెండు చోట్లు ఉన్నాయి. దాన్ని పాలిష్ చేయిస్తామని ఒక షాపులో అన్నారు. నేను వద్దన్నాను.

డిస్క్ బ్రేకులు, ఏసీ, వేరే కంపెనీ ఇంజన్ పెట్టించుకోవాలనేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఆర్టీఏ అనుమతి లేకుండా చేయకండి, విప్పిన పాత సామాను అమ్మకండి.

నిలిపి ఉంచేటప్పుడు జాగ్రత్తలు? ఎంత తరచుగా నడపాలి?

ప్లాస్టిక్ కవర్ కప్పకండి, లోపల చెమ్మ చేరుతుంది. గాలి ఆడే గుడ్డ కవర్ వేయండి. వర్షాకాలంలో కిటికీ అద్దం ఒక వేలు మందం దించి ఉంచండి. ఎలుకలకు వైర్లంటే ప్రాణం, బానెట్ కింద గూడు కట్టకుండా వారానికోసారి తెరిచి చూడండి. నిలబెట్టి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం కన్నా అసలు స్టార్ట్ చేయకపోవడమే మంచిది. చల్లని సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నీళ్ళు చేరతాయి. తీస్తే ఇరవై కిలోమీటర్లు నడవాలి.

నేను ఆదివారం ఆరు గంటలకు తీస్తాను. ఆయిల్, నీళ్ళు, బ్రేక్ ఫ్లూయిడ్, టైర్లలో గాలి చూసుకుని, ట్యాంక్‌బండ్ మీదుగా నెక్లెస్ రోడ్ చుట్టి వస్తాను. ఇంటికొచ్చాక ఆపగానే బానెట్ ఎత్తి, కారు కింద ఒక పాత న్యూస్‌పేపర్ పరిచి ఉంచుతాను. సాయంత్రం తీసి చూస్తే ఏ చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్, ఆకుపచ్చగా ఉంటే కూలెంట్, రంగులేకుండా చక్రం దగ్గర పడితే బ్రేక్ ఫ్లూయిడ్. ఆ చివరిది కనిపిస్తే అది బాగయ్యేదాకా బండి తీయకండి.